గొంతు పోయిన వారం చదివిన ప్లేట్లు

ఒక సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి దయామణి గారు ల్యాబులోకి వచ్చి, సంచి కుర్చీ మీద పెట్టి, గొంతు మీద వేలు పెట్టి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపారు. గొంతు పోయింది. అంతకుముందు మూడు రాత్రులు వాళ్ల ఊళ్లో చర్చి సభలు జరిగాయి. ఆవిడ పాటల జట్టులో ముందు వరసలో ఉంటారు. ఏడాదికోసారి ఇలా గొంతు పోవడం మామూలే. మిరియాల పాలు తాగమని నేను చెప్పాను. తాగానన్నట్టు తలూపి మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు.

నా ఉద్యోగ జీవితంలో నేర్చుకున్న ముఖ్యమైన విషయం ఆ వారంలోనే జరిగింది. ఫిజిక్సులో ప్రయోగాల వైపు వెళ్లాలనుకునే పిల్లలు కొందరు, మా కాలేజీలో చదువుకున్నవాళ్లే, అనుభవాలు రాయమని అడిగారు. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ కమిటీలో ఉన్నానో వాళ్లకి అక్కర్లేదు. ఈ ఒక్క సంగతీ రాస్తే చాలనిపించింది. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. దయామణి గారు పోయిన వర్షాకాలంలో చనిపోయారు.

మేం చూడవలసింది ఏమిటి

పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్‌కి ప్రతిరూపం. బరువు అంతే, విద్యుదావేశం మాత్రం ధనాత్మకం. ఎలక్ట్రాన్ ఎదురైతే రెండూ మాయమై కాంతిగా మారిపోతాయి. అందుకే దాన్ని ప్రతిపదార్థం అంటారు. పేరు విని ఏదో కథల్లోది అనుకోవద్దు. ఒక రకం సోడియం ఉప్పు నుంచి పాజిట్రాన్లు వాటంతట అవే వస్తుంటాయి.

ఎలక్ట్రాన్ కణమే అయినా అలలా కూడా నడుస్తుందని చాలాకాలం క్రితమే చూశారు. పాజిట్రాన్ కూడా అలాగే నడవాలి. నడవాలని లెక్క చెబుతుంది. లెక్క చెప్పింది కదా అని చూడకుండా వదిలెయ్యడం మా వృత్తిలో లేదు.

విదేశంలో ఒక బృందం ఆ ప్రయోగం చేసింది. పాజిట్రాన్ల ధారని రెండు గ్రేటింగుల గుండా పంపారు. గ్రేటింగ్ అంటే పలచటి రేకులో వెంట్రుక కన్నా ఎంతో సన్నని చీలికలు వరసగా ఉండే తెర. ధార చాలా పలచన. ఒక పాజిట్రాన్ దారిలో ఉన్నప్పుడు రెండోది ఇంకా పుట్టనే లేదు. అవతలి చివర ఒక గాజు ప్లేటు, దాని మీద జెలటిన్ పూత, అందులో వెండి లవణం. పాజిట్రాన్ తగిలిన చోట, ప్లేటు కడిగాక, ఒక నల్ల చుక్క ఉంటుంది. పాత ఫొటో ప్లేటు లాంటిదే. చుక్కలు చాలినన్ని పడ్డాక అవి చారలుగా పేరుకుంటే, ఒంటరిగా వచ్చిన పాజిట్రాన్ కూడా అలలా నడిచిందన్నమాట.

ఇందులో ఒక చిక్కు ఉంది. గులకరాళ్లని రెండు దడుల గుండా విసిరినా అవతలి గోడ మీద నీడ చారలు రావచ్చు. చారలు కనబడినంత మాత్రాన అల అనడానికి లేదు. తేడా వేగంలో ఉంది. నీడ చారలకి వేగంతో పని లేదు. అలతో వచ్చే చారలు ఒక వేగం దగ్గర స్పష్టంగా ఉండి, వేగం మార్చగానే చెదిరిపోతాయి. కాబట్టి రకరకాల వేగాలతో ప్లేట్లు తీశారు. కొన్నింటిలో చారలు ఉండాలి, కొన్నింటిలో ఉండకూడదు. ఉండకూడని చోట లేకపోవడమే అసలు సాక్ష్యం.

ప్లేట్లని వాళ్ల దగ్గర యంత్రం చదువుతుంది. అయితే జెలటిన్‌లో పాజిట్రాన్ వల్ల కాకుండా ఊరికే ఏర్పడే మచ్చలు కూడా ఉంటాయి. యంత్రం ఒక్కోసారి మచ్చని చుక్క అనుకునేది. అందుకని కొన్ని ప్లేట్లని మనుషుల కళ్లతో వేరేగా చదివించాలనుకున్నారు. మా ల్యాబులో కాస్మిక్ కిరణాల ప్లేట్లు చదివిన పాత మైక్రోస్కోపులు ఉన్నాయి. అలా ఏలూరు శివార్లలో, వట్లూరు దాటాక ఉన్న మా కాలేజీకి ఆ ప్లేట్లు వచ్చాయి. ఏ ప్లేటు ఏ వేగానిదో మాకు చెప్పలేదు. ప్లేటుకి ఒక నంబరు, ఒక అంచున గుర్తు. గ్రేటింగ్ చీలికలు ఆ అంచుకి సమాంతరంగా ఉంటాయని, చారల మధ్య దూరం ఎంత ఉండాలో అదీ చెప్పారు. అంతే.

చదవడం

ప్లేటు చదవడం ఇద్దరు చేసే పని. ఒకరు మైక్రోస్కోపులో కన్ను పెట్టి, ఎడమ చేత్తో స్క్రూ తిప్పుతూ ప్లేటుని వరస వరసగా, ప్రతి వరసా ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, జరుపుతారు. కటకంలో కనబడే అడ్డగీత కిందికి చుక్క రాగానే, స్క్రూకి ఉన్న అంకెల డ్రమ్ముని రెండో కంటితో చదివి అంకె పైకి పిలుస్తారు. రెండోవాళ్లు కంప్యూటర్లో కొడతారు. మచ్చా చుక్కా అన్నది చదివేవాళ్లు అక్కడికక్కడ తేల్చుకోవాలి. పాజిట్రాన్ చుక్క కింద వెండి రేణువులు రెండో మూడో ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. మచ్చ ఒంటరి రేణువు. చాలాసార్లు తేడా తెలుస్తుంది. కొన్నిసార్లు తెలియదు. ఈ 'కొన్నిసార్లు' గుర్తుంచుకోండి.

ఎక్కువగా దయామణి గారు చదివేవారు, నేను కొట్టేవాణ్ని. ఆవిడది కొల్లేటి మధ్య ఒక లంక గ్రామం. వాళ్ల నాన్నగారు చేప పిల్లల్ని లెక్కపెట్టేవారు. చెరువులో వదిలే ముందు పిల్లల్ని చిన్న గిన్నెతో ముంచి, ఇన్ని గిన్నెలని పాడుతూ లెక్కపెడతారు. మాటలేమీ ఉండవు, అంకెలే సాగదీసి పాడతారు. నాలుగు గిన్నెలకోసారి ఊపిరి. పాటలో ఉంటే లెక్క తప్పదని వాళ్ల నమ్మకం. చుట్టూ మనుషులు మాట్లాడుతున్నా, వాన పడుతున్నా, నిజంగానే తప్పేది కాదు. దయామణి గారు ఏలూరులో బీఎస్సీ చదివి మా దగ్గర ప్లేట్లు చదివే రీడరుగా చేరినప్పుడు ఆ పాట కూడా ఆవిడతో వచ్చింది; స్క్రూ తిరిగే చుట్లని అలా పాడుతూ, చుక్క తగిలినచోట అంకె పిలిచేవారు. ప్రతి వరసలో మొదటి చుట్టుని 'ఒకటి' అనకుండా 'లాభం' అనడం కూడా వచ్చింది.

మొదటిసారి అది విని మా హెడ్డు సోమయాజులు గారు కుర్చీలోంచి లేచి వచ్చారు.

"ఎవరికమ్మా లాభం?"

"చూసినవాళ్లకండీ," అన్నారు దయామణి గారు, కన్ను తియ్యకుండానే.

ఆ పాటతో మా పని తేలికైంది. అంకె వినబడకపోయినా రాగాన్ని బట్టి ఎక్కడున్నామో తెలిసేది. పక్కగదిలో పిల్లలు దాన్ని అనుకరించి నవ్వుకునేవారు. సంవత్సరాల తరబడి కాస్మిక్ ప్లేట్లు అలాగే చదివాం. ఒక్క తప్పూ రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెబుతాను.

సోమయాజులు గారు

ఆయన పురోహితుల కుటుంబం నుంచి వచ్చారు. ఇంట్లో అందరూ వేదం చెప్పుకున్నవాళ్లు. ఈయనొక్కరే ఫిజిక్సు చదివారు. పాఠం చెప్పడంలో ఆయన్ని మించినవాళ్లని నేను చూడలేదు. కోపం ఎక్కువ. సాయంత్రానికి ఆ కోపం గుర్తుండేది కాదు, పడ్డవాళ్లకి మాత్రం ఉండేది.

ఆ ఏడాది ఆయన రిటైర్ కావాలి. ల్యాబు నుంచి చెప్పుకోదగ్గ ఫలితం ఒకటి రావాలని ఆయనకి గట్టిగా ఉంది. దయామణి గారి ఉద్యోగం కూడా అప్పుడు ఆ ఫలితం మీదే ఆధారపడి ఉంది. ఆవిడది పర్మనెంటు పోస్టు కాదు. ప్రాజెక్టు ఉన్నంతకాలం ఉంటుంది, ఏటేటా పొడిగించాలి. పొడిగింపు అడగాలంటే ఫలితం చూపించాలి. పొడిగించకపోతే ఆవిడ లంకకి తిరిగి వెళ్లి పిల్లలకి ట్యూషన్లు చెప్పుకోవాలి. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు. పైకి ఎవరం అనుకోలేదు.

దయామణి గారు చదివిన మొదటి ప్లేట్ల అంకెలు గ్రాఫు గీస్తే చారలు వచ్చాయి. సోమయాజులు గారు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాతి ప్లేట్లలో కూడా వచ్చాయి. ఆ తర్వాత వాటిలోనూ. కొన్నింటిలో ఉండకూడదన్న మాట ఆ సంతోషంలో ముగ్గురం మర్చిపోయాం.

చారల మధ్య దూరం వాళ్లు చెప్పినంత లేదు. కొంచెం ఎక్కువ. "దగ్గరగానే ఉంది కదయ్యా," అన్నారు సోమయాజులు గారు. "మన తేమకి జెలటిన్ ఉబ్బి ఉంటుంది." కొల్లేటి పక్కన ఉండి తేమ లేదని ఎవరంటారు? వానాకాలంలో మా ల్యాబు తలుపు ఉబ్బి మూసుకునేది కాదు. బీరువాలో తేమ పీల్చే మందు పెట్టినా ప్లేటు అంచులు మెత్తబడేవి. జెలటిన్ ఉబ్బుతుందన్నది నిజమే. అది నిజం కావడమే మా ఇబ్బంది. ఆ ఊళ్లో ఏ తేడా వచ్చినా తేమ మీదికి తోసెయ్యవచ్చు, ఎవరూ కాదనరు. ఇంకో ఊళ్లో అయితే ఆ తేడా ఎందుకొచ్చిందని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. మీ ఊళ్లోనూ అలాంటి సాకు ఒకటి ఉంటుంది. అదేమిటో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

వారంలో ఒకటో రెండో ప్లేట్లు నేను కూడా చదివేవాణ్ని. వాటిలో చారలు సరిగా రాలేదు. నా కళ్లు ఆవిడ కళ్లంత మంచివి కావని ముగ్గురం అనుకున్నాం.

గొంతు లేని వారం

గొంతు పోయిన వారం దయామణి గారు అంకె పిలవలేరు కాబట్టి, కంప్యూటర్ని మైక్రోస్కోపు పక్కకి జరిపి ఇచ్చాను. చుక్క కనబడితే కన్ను తీసి, డ్రమ్ము చూసి, అంకె తనే కొట్టి, మళ్లీ కన్ను పెట్టాలి. పని నెమ్మదిగా సాగింది. మధ్యమధ్యలో చిన్న కాగితం మీద "నడుం పోతోందండీ" అని రాసి నావైపు తోసేవారు.

వారం చివర గ్రాఫులు గీశాను. చారలు లేవు. ఒక ప్లేటులో మాత్రం చాలా పలచగా ఏదో ఉన్నట్టుంది. మిగతావి చదును.

తర్వాతి సోమవారం సోమయాజులు గారు వాటిని చూసి పక్కన పెట్టేశారు. దయామణి గారికి అప్పటికి గొంతు సగం వచ్చింది.

"ఒంట్లో బాగోనప్పుడు చదివినవి కదమ్మా. ఇవి తీసేద్దాం. తీరిగ్గా మళ్లీ చదువుదువు గాని."

"గొంతు పోయిందండీ. కళ్లు పోలేదు కదండీ."

"అంటే? కళ్లకీ గొంతుకీ సంబంధం లేదంటావు. అంతేగా?"

"సంబంధం లేదనుకోండి. అప్పుడు వీటిని ఎందుకు తీసెయ్యాలండీ?"

సోమయాజులు గారు కళ్లజోడు తీశారు. కోపం రావడానికి ముందు అలా తీస్తారు.

"సరే. ఉందనుకో."

ఆవిడ పక్కన పెట్టేసిన గ్రాఫుల్ని మళ్లీ బల్ల మధ్యకి లాగారు.

"ఉంటే, తీసెయ్యాల్సినవి ఇవి కాదండీ. మిగతావన్నీనండీ."

ఆ గదిలో అందరికన్నా ఎక్కువ పోగొట్టుకోబోయేది ఆవిడే. ఆ మాట అనకుండా ఊరుకుంటే ఆ వారం ప్లేట్లు మాత్రమే పోయేవి. మిగతావి పరిశోధన పేపర్లోకి వెళ్లేవి. పేపరుతో పాటు పొడిగింపు కూడా వచ్చేది. ఆవిడ మాట విని సోమయాజులు గారు కళ్లజోడు పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. వెళుతూ వెళుతూ, "చేపల పాట ల్యాబులోకి తెచ్చిపెట్టావు," అన్నారు.

"చేపల లెక్క ఎప్పుడూ తప్పలేదండీ," అన్నారు దయామణి గారు, తలుపు వైపు చూసి. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు.

తిప్పి పెట్టిన ప్లేటు

"మాస్టారూ, ఒక పని చెయ్యండి," అన్నారావిడ నాతో. "ప్లేట్లు కొన్ని అడ్డంగా తిప్పి పెట్టండి. ఏవి తిప్పారో నాకు చెప్పకండి. అంచు గుర్తు కనబడకుండా కాగితం అంటించండి. నేను మామూలుగా, పాటతోనే చదువుతాను."

"చారలు కూడా తిరిగితే ఏం చేద్దాం? తిరగకపోతే ఏం చేద్దాం?" అని అడిగాను.

"అది చదివాక చూద్దామండీ. ఇప్పుడే చెప్పుకుంటే నా చెయ్యి వినేస్తుంది."

తర్కం సులువు. చారలు ప్లేటులో ఉంటే, ప్లేటు తిప్పితే చారలు కూడా తిరగాలి. ప్లేటు తిరిగినా చారలు అలాగే నిలబడి ఉంటే అవి ప్లేటువి కావు, చదివే మనిషివి. అంతకుముందు ఈ పరీక్ష చెయ్యలేదు, ఎందుకంటే ప్లేట్లన్నీ గుర్తున్న అంచు ఎడమవైపు ఉండేలా ఒకే తీరున పెట్టడం మా ల్యాబు అలవాటు. చూడ్డానికి పద్ధతిగా ఉండేది.

గొంతు పూర్తిగా వచ్చాక నాలుగు రోజులు ఆవిడ పాటతో చదివారు. నేను కొట్టాను. గ్రాఫు వచ్చేటప్పుడు కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు. తిప్పనివాటిలో చారలు నిలువుగా ఉన్నాయి. తిప్పినవాటిలోనూ నిలువుగానే ఉన్నాయి.

దయామణి గారు తెర మీద చారల్ని వేలితో ఒకసారి చూపించారు.

"ఇవి పాజిట్రాన్లవి కావండీ. నావండీ."

తర్వాత టీ తెచ్చుకోవడానికి వెళ్లారు. నాకూ తెచ్చారు.

ఏం జరిగిందో తర్వాత ఇద్దరం కూర్చుని విడదీశాం. పాట సాగుతున్నంతసేపూ చెయ్యి స్క్రూని ఒకే వేగంతో తిప్పుతుంది. ఊపిరి తీసుకునే చోట పాట ఆగుతుంది, చెయ్యి కూడా ఆగుతుంది. ఆగిన చోట కన్ను కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. ఎక్కువసేపు చూస్తే అనుమానపు మచ్చ కూడా చుక్కలాగే కనబడుతుంది. మళ్లీ పాట, మళ్లీ ఊపిరి. ప్రతి వరసా ఎడమ అంచు నుంచే మొదలు కాబట్టి ఊపిరి చోట్లు ఒకదాని కింద ఒకటి పడి నిలువు చారలయ్యాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య స్క్రూ తిరిగే దూరం, మాకు కావలసిన చారల దూరానికి 'దగ్గరగా' ఉంది. తేమ పాపం ఏమీ లేదు.

కాస్మిక్ ప్లేట్లలో తప్పు రాకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. అక్కడ గీతలు పొడవు, బాగా నలుపు. అనుమానం ఉండదు. చేప పిల్లల గిన్నె కూడా అంతే, అది గిన్నె అవునో కాదో తేల్చుకోవలసిన పని లేదు. ఉందని తెలిసిన వస్తువుని లెక్కపెట్టడానికి పాట మంచి సాధనం. ఉందో లేదో తేల్చవలసిన చోట పనికిరాదు. అప్పటిదాకా ఈ రెండు పనుల్నీ మేం ఒకటే అనుకున్నాం. లెక్కపెట్టడం వేరు, తీర్పు చెప్పడం వేరు. ప్రయోగాల్లో చాలా పొరపాట్లు ఈ రెంటినీ కలిపెయ్యడం వల్లే వస్తాయని నా అభిప్రాయం.

ఉంది, లేదు

మర్నాడు సోమయాజులు గారు మామూలు కంటే ముందే వచ్చారు. గ్రాఫులు ఆయన బల్ల మీద పెట్టాను. చూశారు.

"ఆ విదేశీ బృందానికి నేను రాస్తాను," అన్నారు. "ఇప్పటిదాకా పంపినవి లెక్కలోంచి తీసెయ్యమని. నా పేరుతోనే రాస్తాను. పద్ధతి నాది, ల్యాబు నాది. ఆవిడ పేరు ఎందుకు?"

ఈ ఒక్క మాటకి ఆయన కోపాలన్నీ నేను మాఫీ చేశాను. దయామణి గారు చెయ్యలేదు. "పేరు ఉండాలండీ," అన్నారు. "తప్పు ఎలా దొరికిందో రాయాలి కదండీ. పట్టుకున్నది కూడా నేనేనండీ." సోమయాజులు గారు నా వైపు చూశారు. ఆవిడ చెప్పినట్టే రాశారు.

రాశారు గాని, ఉద్యోగం పొడిగింపుకి చూపించడానికి ఇప్పుడు ఏమీ లేదు. ఉన్న ప్లేట్లన్నీ మొదటి నుంచి చదవాలి. గడువు తక్కువ. పైగా దయామణి గారికి పాట లేకుండా చదవడం రాదు. పాట మానేస్తే వరస తప్పుతున్నారు, చూసిన చోటే మళ్లీ చూస్తున్నారు. నోరు మూసుకున్నా లోపల పాట నడుస్తూనే ఉందని ఆవిడే చెప్పారు. గొంతు పోయిన వారంలో ఆవిడని కాపాడింది మౌనం కాదు. ప్రతి చుక్కకీ కన్ను తీసి అంకె కొట్టాల్సి రావడంతో లోపలి పాట కూడా తెగిపోయేది.

అందుకని పద్ధతి తిరగేశాం. ప్లేటు మీద ఏ చోటు చూడాలో ఆవిడ కాకుండా కంప్యూటరు నిర్ణయిస్తుంది, వరస లేకుండా, ఎక్కడిదక్కడ. నేను ఆ చోటికి ప్లేటు జరిపి 'చూడండి' అంటాను. ఆవిడ 'ఉంది' అనో 'లేదు' అనో అనాలి. అంతకు మించి ఏమీ అనకూడదు. ప్లేటు ఏ కోణంలో పెట్టామో ఆవిడకి తెలియదు. సోమయాజులు గారు ప్లేటుని మూత ఉన్న గుండ్రటి చట్రంలో ఏదో ఒక కోణంలో బిగించి, ఆ కోణం తన దగ్గరే రాసి ఉంచుకునేవారు. అలా చేస్తే నాకు కూడా తెలియదు.

రెండో రోజుకే దయామణి గారు విసిగిపోయారు.

"ఇది ప్లేటు చదవడం కాదండీ మాస్టారూ. కోర్టులో సాక్ష్యం చెప్పడం."

"సాక్షి ఎక్కువ మాట్లాడకూడదు."

"లేదు."

"ఏమిటి లేదు?"

"చుక్కండీ. లేదు. మీరు కొట్టండి."

ఆ నెలంతా అలా గడిచింది. పాటతో ఒక పూటలో అయ్యే ప్లేటుకి ఇప్పుడు రోజంతా పట్టేది. పాటని అనుకరించే పిల్లలు వచ్చి, ఏమీ వినబడక వెళ్లిపోయేవారు. సోమయాజులు గారు అప్పుడప్పుడు గుమ్మం దాకా వచ్చి, 'ఉంది, లేదు, లేదు, లేదు' వింటూ నిలబడి, లోపలికి రాకుండానే తిరిగి వెళ్లేవారు.

గ్రాఫులన్నీ ఒకేసారి గీశాం. చాలా ప్లేట్లలో ఏమీ లేదు. కొన్నింటిలో పలచటి చారలు ఉన్నాయి, అవి ఏటవాలుగా ఉన్నాయి. సోమయాజులు గారు తన దగ్గరున్న కోణాలు తెచ్చి పక్కన పెట్టారు. ఏటవాలు కలిసింది. దూరం కూడా కలిసింది. ఈసారి 'దగ్గరగా' అనే అవసరం రాలేదు.

అయినా ఆ చారలు అలవో కాదో మాకు తెలియదు. వేగాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. ప్లేట్ల నంబర్లు, ఏది ఉంది ఏది లేదు అన్నది పంపించి ఎదురుచూశాం. ఆ రోజుల్లో దయామణి గారు టీకి బయటికి వెళ్లడం మానేశారు. ఫోను మోగితే నా వైపు చూసేవారు.

జవాబు వచ్చింది. చారలు ఉన్నాయని ఆవిడ చెప్పినవన్నీ అల వల్ల చారలు రావలసిన వేగానివి. మిగతా వేగాల ప్లేట్లలో ఆవిడకి చారలు కనబడలేదు, కనబడకూడదు కూడా. సరైన వేగానిదే అయిన ఒక్క ప్లేటులో యంత్రానికి చారలు దొరికాయి, ఆవిడకి దొరకలేదు. గొంతు పోయిన వారం పలచగా ఏదో కనబడిన ప్లేటు కూడా సరైన వేగానిదే. సోమయాజులు గారు పక్కన పెట్టేసిన వాటిలో అది ఉంది.

ఆ ఉత్తరం ఆయన పైకి చదివి వినిపించారు. చివరిదాకా విని దయామణి గారు అడిగింది ఒక్కటే.

"ఆ దొరకని ప్లేటు ఏదండీ? మళ్లీ చూస్తాను."

చూశారు. రెండోసారి కూడా ఆవిడకి దొరకలేదు. లేదనే రాయించారు.

తర్వాత

పొడిగింపు ఒక ఏడాదికి వచ్చింది. ఆ ఏడాదిలో ఇంకొన్ని ప్లేట్లు చదివాం. తర్వాత యంత్రాలు బాగుపడ్డాయి, మచ్చకీ చుక్కకీ తేడా అవే పట్టసాగాయి, ప్లేట్లు రావడం ఆగిపోయింది. దయామణి గారు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ప్రాక్టికల్స్ చెప్పడానికి చేరారు. పిల్లలు కొలిచే ముందు జవాబు ఎంత రావాలో చెప్పేవారు కాదట. పుస్తకంలో జవాబులుండే చివరి పేజీలు కుట్టేసి ఇచ్చేవారట. మా అబ్బాయిలకి మార్కులు రావడం లేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారని ఆవిడే నవ్వుతూ చెప్పారు.

వృత్తిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. ప్రతిపదార్థం అల అవునో కాదో ప్రపంచానికి మా ల్యాబు తేల్చలేదు. తేల్చినవాళ్లు వేరే ఉన్నారు. మాది ఒక చిన్న సరిచూపు. కాని చూడాలనుకున్నది కనబడినప్పుడు అది వస్తువులో ఉందా మనలో ఉందా అని అడగడం నేను ఏ పుస్తకంలోనూ సరిగా నేర్చుకోలేదు, ఒక మనిషి అడగడం చూసి నేర్చుకున్నాను. ఆ ప్రశ్న వల్ల ఎక్కువ నష్టపోయే మనిషే దాన్ని అడగడం మీ ఉద్యోగ జీవితంలో బహుశా ఒకసారి చూస్తారు. అప్పుడు ఆ మనిషి పక్కన కూర్చుని, వాళ్లు చెప్పినట్టు చెయ్యండి. అదే నేను చేసిన పని.

ఆవిడ పోయాక జ్ఞాపకార్థ కూడికకి లంకకి వెళ్లాను. సోమయాజులు గారు ప్రయాణం చెయ్యలేని స్థితిలో ఉన్నారు. 'ఆవిడ పేరు రాయించడం మంచిదైందని అక్కడ చెప్పు' అన్నారు ఫోనులో. నాకు మాట్లాడే అవకాశం ఇచ్చినప్పుడు ఆ మాట చెప్పి కూర్చున్నాను. ప్లేట్ల సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఆవిడ ముందు వరసలో పాడేవారని అందరికీ తెలుసు.

ప్రార్థన అయ్యాక ఆవిడ తమ్ముడు చెరువు గట్టు మీదికి తీసుకెళ్లాడు. అదే పూట చేప పిల్లల వ్యాను వచ్చింది. గట్టు మీద ఎలక్ట్రానిక్ కాటా ఉంది.

"గిన్నెతో లెక్కపెట్టరా?" అని అడిగాను.

"ఆయ్, ఇప్పుడు తూకమేనండీ. కిలోకి ఎన్నో ఒకసారి చూసుకుంటే చాలండీ. పాడేవాళ్లెవరున్నారండీ? నాన్నకి వచ్చు, అక్కకి వచ్చు. నాకు రాదండీ."

పిల్లల్ని వలగుడ్డలో కాటా మీద పెట్టారు. తెర మీద అంకె వచ్చింది. నీళ్లలోకి వదిలారు.

మా ల్యాబు గదిలో ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయి. మైక్రోస్కోపులు మూటకట్టి స్టోర్ రూములో పెట్టారు. ప్లేట్లని యంత్రం చదువుతుంది, చేప పిల్లల్ని కాటా తూస్తుంది. లెక్కని ఎవరూ పైకి పిలవరు.